బేదన్‌కు ఒక సమాధి

పొద్దున్నే టీ తాగకముందు గేడి ఒక మేకతోలు ముక్క నోట్లో వేసుకుని నములుతాడు. ఎడమ దవడకి నాలుగు పళ్ళు మిగిలాయి కాబట్టి అటువైపే నములుతాడు. తోలు మెత్తబడ్డాక తీసి, మోకాలి మీద పరిచి, బొటనవేలంత సంచీగా మడిచి కుడతాడు. నీళ్ళలో నానబెట్టుకోవచ్చు కదా అని అడిగితే, నీళ్ళలో నానిన తోలు ఎండాక బిర్రబిగుసుకుపోతుందని, పసివాడి మెడ మీద గీసుకుంటుందని చెప్తాడు. ఆ తర్వాత ఉమ్మి ఊసి, టీ అడుగుతాడు.

ఆ సంచీ తాయెత్తు. గేడి యిబిర్ కులంవాడు. మా వైపు మగపిల్లాడు పుట్టినా, పెళ్ళి జరిగినా ఒక యిబిర్ వాకిట్లోకి వచ్చి నిలబడతాడు. పిలవక్కర్లేదు, వాళ్ళకి ఎలాగో తెలుస్తుంది. తాయెత్తు ఇచ్చి కానుక తీసుకుంటాడు. నేను ఎరిగినంతలో ఇవ్వనన్న ఇల్లు లేదు. ఇవ్వనంటే అతను తిట్టడు, చేయి చేసుకోడు. ఊరికే ఇంటివైపు చూసి వెళ్ళిపోతాడు. అది చాలు, ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఈ కానుక వెనక ఒక హత్య ఉంది. యిబిర్ల మూలపురుషుడు ఇస్లాం రాకముందటి మనిషి, మంత్రగాడు. కొండలో ఒకవైపు దూరి రెండోవైపు తేలేవాడట. ధర్మం చెప్పడానికి వచ్చిన ఒక షేక్ అతన్ని, ఏదీ ఇంకోసారి దూరి చూపించు అన్నాడు. దూరాడు. ఇంకోసారి అన్నాడు. మూడోసారి దూరగానే కొండ మూసుకుపోయింది. అతని పిల్లలు వచ్చి మా తండ్రి నెత్తుటికి పరిహారం ఏదని నిలదీస్తే, షేక్ వాళ్ళనే అడిగాడట, ఒక్కసారిగా కావాలా, కలకాలం కావాలా అని. కలకాలం అన్నారు. అప్పటినుంచి మిగతా సోమాలీలందరూ వాళ్ళకి ఇస్తూనే ఉన్నారు. ఇస్తారు, కానీ వాళ్ళతో ఒకే పళ్ళెంలో తినరు. పిల్లనివ్వరు, పిల్లని తెచ్చుకోరు.

వాళ్ళ గురించి ఇంకో మాట కూడా ఉంది. యిబిర్ సమాధి ఎవరూ చూడలేదు. చచ్చిన యిబిర్ గాలిలా మాయమైపోతాడు, మూలపురుషుడు పోయిన కొండలోకే వెళ్ళిపోతాడు అంటారు. మా చిన్నప్పుడు గేడి గాడిదబండి వెనకాల పరిగెత్తుతూ, "గేడి తాతా, చచ్చాక పొగై పోతావా, దుమ్మై పోతావా?" అని అరిచేవాళ్ళం. అతను వెనక్కి తిరక్కుండానే, "మీ అమ్మ టీ కెటిల్లోకి వస్తాన్రా, మూత తీసేటప్పుడు జాగ్రత్త" అనేవాడు. ఆ సాయంత్రం మాలో ఒకరిద్దరం టీ తాగేవాళ్ళం కాదు.

అసలు సంగతి గేడికి పద్నాలుగేళ్ళప్పుడు, వాళ్ళ తాత పోయినప్పుడు తెలిసింది. తండ్రి, పినతండ్రులు శవాన్ని చీకట్లో ఒంటె మీద వేసుకుని, ఊరికి దూరంగా ఎండిన వాగు ఇసుకలో పూడ్చారు. రాయి పెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు కొమ్మలతో అడుగుజాడలు చెరిపేశారు. తండ్రి అతని చేత ఒట్టు వేయించుకున్నాడు, ఈ చోటు ఆడవాళ్ళకి కూడా చెప్పకూడదని. అదే వాళ్ళ ఆస్తి. గొర్రెలు లేవు, బావి లేదు, వెంట నిలబడే పెద్ద తెగ లేదు. ఉన్నదల్లా ఎదుటివాడి భయం.

గేడి బేదన్‌ని చేసుకున్నాడు. ఆమె కూడా యిబిర్ల పిల్లే. చురుకైన మనిషి, నోరు పెద్దది. తోలుపని భర్త కంటే బాగా చేసేది. ఆమె కుట్టిన నమాజు తివాచీ మీద హాజీ రోబ్లె ఇప్పటికీ నమాజు చేస్తాడు. హాజీ రోబ్లె మా ఊరి పెద్ద. తివాచీ ఎవరు కుట్టారో ఆయనకి తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు.

వాళ్ళకి ఇద్దరు పిల్లలు పుట్టారు. మగపిల్లాడు పదకొండు నెలలకి తట్టు వచ్చి పోయాడు. తర్వాత ఆడపిల్ల, మూడేళ్ళది, ఏదో జ్వరం. రెండుసార్లూ మగవాళ్ళు గుడ్డలో చుట్టుకుని తీసుకుపోయారు. తెల్లవారి ఖాళీ చేతులతో వచ్చారు. ఎక్కడ పెట్టావు అని బేదన్ అడిగింది. గేడి చెప్పలేదు. ఆమె అడగడం మానలేదు. అట్టు వేస్తూ అడిగేది, తోలు కోస్తూ అడిగేది, నవ్వుతూ మాట్లాడుకుంటున్నప్పుడు హఠాత్తుగా అడిగేది. ముప్పై ఏళ్ళు అలా అడిగింది. మిగతా ఆడవాళ్ళు గురువారం సాయంత్రాలు ఖబరస్తాన్‌కి వెళ్ళి పిల్లల సమాధుల దగ్గర ఇన్ని నీళ్ళు చల్లి వచ్చేవాళ్ళు. బేదన్ ఆ వేళకి ఇంట్లోంచి బయటికి వచ్చేది కాదు.

2017 కరువు సంగతి మా వాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. మూడేళ్ళు వరసగా వానలు ముఖం చాటేశాయి. గొర్రెలు చచ్చాయి, తర్వాత మేకలు, చివరికి ఒంటెలు కూడా. ఊరి చుట్టూ కళేబరాలు. వాటి కోసం దుమ్ములగొండ్లు పగలే ఊరి అంచుకి రావడం మొదలైంది. మా ఊరి పేరు బర్వాఖో. పచ్చగా, కడుపునిండా ఉండడాన్ని మా భాషలో అలా అంటారు. ఆ మాటలో వాఖ్ ఉన్నాడు, మా ముత్తాతల ముత్తాతలు మొక్కిన ఆకాశదేవుడు. మసీదుకి కొత్తగా వచ్చిన షేక్ మహద్ అప్పటికి ముప్పై దాటని మనిషి, బయటిదేశంలో చదివి వచ్చాడు. ఈ కరువు ఊరిపేరు వల్లే వచ్చింది, పేరు మార్చాలి అన్నాడు. హాజీ రోబ్లె గడ్డం నిమురుకుని, "మారుద్దాం షేక్ గారూ. కానీ నీళ్ళ లారీ డ్రైవర్‌కి కొత్త పేరు ఎవరు చెప్తారు? వాడు దారి తప్పితే పేరు బాగుండి మనం పోతాం" అన్నాడు. పేరు అలాగే ఉండిపోయింది.

నీళ్ళ లారీ వచ్చింది కానీ నీళ్ళు మంచివి కావు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా వీధిలోనే ఐదుగురు పోయారు. బేదన్ బుధవారం పడుకుంది. గురువారం మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయాయి. గేడి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తున్నాడు. ఆమె మళ్ళీ అదే అడిగింది.

"ఏమయ్యా, పిల్లల్ని ఎక్కడ పెట్టావు?"

అతను ఈసారి చెప్పేశాడు. "నాకు గుర్తులేదు బేదన్. వాగు దారి మార్చుకుంది. రెండుసార్లు వెళ్ళి వెతికాను."

ఆమె చెంచాని చేత్తో పక్కకి నెట్టింది. తర్వాత, "అంటే నీకూ తెలీదన్నమాట" అంది. "తెలిసీ చెప్పట్లేదని ఇన్నేళ్ళు నీ మీద కోపం పెట్టుకున్నా. ఇప్పుడెవరి మీద పెట్టుకోను?"

కాసేపటికి మళ్ళీ అంది. "నన్ను కనపడేచోట పెట్టు. దారినపోయే వాళ్ళు, ఇది ఫలానా బేదన్‌ది అనుకోవాలి. మంచిగా అనుకోకపోయినా సరే."

గేడి పెడతానన్నాడు. శుక్రవారం తెల్లవారుతుండగా ఆమె పోయింది.

చావు జరిగిన రోజే పూడ్చాలి, ఆలస్యం పనికిరాదు. తమ్ముడు సుగుల్లె అప్పటికే ఒంటె కోసం మనిషిని పంపాడు, చీకటి పడ్డాక బయల్దేరదామని. ఖబరస్తాన్‌లో పెడతానని గేడి అనగానే సుగుల్లె ముందు నమ్మలేదు, తర్వాత అన్న భుజాలు పట్టుకున్నాడు.

"అన్నా, మన ఎముకలు లెక్కపెట్టుకోగలిగితే మనకి ఎవడు భయపడతాడు? భయం పోతే కానుక పోతుంది. కానుక పోయాక మనకి మిగిలేది తిట్టొక్కటే. వదిన కోసం నా పిల్లల నోట్లో మట్టి కొడతావా?"

తమ్ముడు అన్నది అబద్ధం కాదని గేడికీ తెలుసు. మాటిచ్చానురా అని మాత్రం అని, హాజీ రోబ్లె ఇంటికి నడిచాడు.

హాజీ రోబ్లె మర్యాదగానే మాట్లాడాడు. చాప వేయించాడు, చనిపోయినామె కోసం దువా చేశాడు. చోటు మాత్రం ఇవ్వనన్నాడు. యిబిర్ సమాధి మా తాతలు చూడలేదు, మా తాతల తాతలు చూడలేదు, మనం చూస్తే ఏం జరుగుతుందో ఎవరు చెప్పగలరు, ఇప్పటికే ఆకాశం మన మీద అలిగి ఉంది అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన పైకి చూశాడని గేడి చెప్తాడు.

ఇక మిగిలింది షేక్ మహద్. గేడి ఎప్పుడూ ఆయన కంట పడకుండా తిరిగేవాడు. తాయెత్తులు కట్టేవాళ్ళ గురించి ఆయన ప్రతి శుక్రవారం మాట్లాడేవాడు మరి. కానీ ఆయన విషయం విని లేచి నిలబడ్డాడు. "ముస్లిం చనిపోతే ముస్లింల నేలలో పెట్టాలి. ఇందులో అడగడానికి ఏముంది, నేనే తవ్వుతాను" అన్నాడు. నిజంగానే అన్నాడు, తవ్వాడు కూడా. ఒక్క షరతు పెట్టాడు. నమాజు తర్వాత అందరి ముందూ ఆ తాయెత్తులు ఒట్టివని గేడి చెప్పాలి.

గేడి ఒప్పుకున్నాడు.

నమాజు అయ్యాక మసీదు ముందు ఎండలో జనం ఆగారు. గేడి తోలుసంచీ బోర్లించాడు. ముప్పై దాకా తాయెత్తులు దుమ్ములో పడ్డాయి. ఒకటి విప్పమన్నాడు షేక్. గేడి పళ్ళతో కుట్టు తెంపాడు. లోపల అడవి ఆలివ్ వేరు ముక్క, ఏడు ముళ్ళు వేసిన దారం, చిటికెడు బూడిద. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. "చెప్పు" అన్నాడు షేక్. గేడి తల ఎత్తకుండా, "ఇందులో ఏమీ లేదు. మా నాన్న పెట్టమన్నాడు, పెట్టాను. నా పిల్లలిద్దరి మెళ్ళోనూ కట్టాను" అన్నాడు. గుంపు వెనక నిలబడిన సుగుల్లె అది విని వెళ్ళిపోయాడు.

బేదన్‌ని సుగుల్లె భార్య ఒక్కతే కడిగింది. పక్కింటి అత్త, పేరు మాకో, ఒక క్యాను నీళ్ళు తెచ్చి ముళ్ళకంచె దగ్గర పెట్టి వెళ్ళింది. ఆ రోజుల్లో క్యాను నీళ్ళంటే చిన్న విషయం కాదు, అది చెప్పాలి. లోపలికి మాత్రం రాలేదు.

ఖబరస్తాన్ అంచున తవ్వడం మొదలుపెట్టారు. షేక్ వెంట వచ్చిన ఇద్దరు మనుషులు కాసేపు గునపం వేసి, శవం వచ్చేలోపే ఏదో పని చెప్పి జారుకున్నారు. గేడి, షేక్ మిగిలారు. మూడేళ్ళు వాన చూడని నేల, గునపం తగిలితే మోగుతోంది. షేక్ అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. పొద్దు వాలేసరికి గొయ్యి మోకాలు దాటింది, అంతే. ఇక చాలన్నారు.

గేడి గాడిదబండిలో రాళ్ళు తెచ్చిపెట్టుకున్నాడు, ముళ్ళకంప కూడా. మా వైపు ఎవరి సమాధికైనా అలాగే చేస్తారు, జంతువులు తవ్వకుండా. కానీ షేక్ వద్దన్నాడు. రాళ్ళ గుట్టలు పెట్టి వాటి చుట్టూ తిరగడం పాతకాలపు వాళ్ళ పని, ఈ ఊళ్ళో దాన్ని మాన్పించాలనే తను వచ్చాడు, అదీ ఒక యిబిర్ సమాధితోనే మొదలైతే మరీ మంచిది అన్నాడు. నేలతో సమానంగా ఉండాలి, తల దగ్గర ఒక్క రాయి చాలు.

"షేక్ గారూ, దుమ్ములగొండ్లు తిరుగుతున్నాయి" అన్నాడు గేడి.

"అల్లా చూసుకుంటాడు బాబాయ్."

పొద్దున్నుంచి తనకోసం నిలబడింది ఆ మనిషొక్కడే. గేడి ఎదురు చెప్పలేకపోయాడు. ఒక్క రాయి పెట్టి, మిగతావి బండిలోనే ఉంచి ఇంటికి తోలుకొచ్చాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు అతను ఇక్కడ ఆగుతాడు. బండి ఖాళీ చేయకుండా వచ్చాను అంటాడు.

మూడు రోజులు పొద్దున్నే వెళ్ళి ఆ రాయి పక్కన కూర్చున్నాడు. నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు దారి మళ్ళించుకుని అటువైపు నుంచి నడిచారు, చూడ్డానికి. ఎవరూ దగ్గరికి రాలేదు. కానీ ఇది బేదన్‌ది అని వేలు పెట్టి చూపించుకోవడం అతను చూశాడు. జీవితంలో అంత తేలిగ్గా ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదట.

నాలుగోరోజు పొద్దున గొయ్యి తెరిచి ఉంది.

మట్టి రెండువైపులా చిమ్మి ఉంది. తల దగ్గర రాయి పక్కకి దొర్లి ఉంది. దుమ్ములగొండి అడుగులు స్పష్టంగా ఉన్నాయి, ముందు కాళ్ళవి పెద్దవి, వెనకవి చిన్నవి, మూడు నాలుగు జంతువులవి. ఈడ్చిన జాడ తుప్పల వైపు వెళ్ళింది. గేడి ఆ జాడ వెంట వెళ్ళాడు. రాతినేల వచ్చేసరికి జాడ ఆగిపోయింది. ఒక ముళ్ళపొదకి శవానికి చుట్టిన కఫన్ గుడ్డ చేయంత ముక్క చిక్కుకుని ఉంది. ఇంకేమీ దొరకలేదు.

అతను తిరిగి వచ్చేసరికి షేక్ మహద్ గోతి పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా జాడలు చూశాడు, చేత్తో తాకి మరీ చూశాడు. అప్పటికే కబురు పాకింది. ఊరంతా వచ్చింది, నేను కూడా వెళ్ళాను. అందరి కాళ్ళ కింద ఆ అడుగులు చెరిగిపోయాయి.

హాజీ రోబ్లె వంగి గోతిలోకి చూశాడు. "ఖాళీ" అన్నాడు. తర్వాత, ఎవరినీ తప్పుపట్టనట్టు, "చెప్పాను కదా" అన్నాడు.

"దుమ్ములగొండ్లు ఎత్తుకుపోయాయి పెద్దాయనా. ఇదిగో గుడ్డ" అని గేడి ఆ పేలిక చూపించాడు.

"గుడ్డ విడిచి వెళ్ళింది" అంది గుంపులో ఒకావిడ. పాము కుబుసం విడిచినంత మామూలుగా అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

గేడి షేక్ వైపు తిరిగాడు. "మీరు చూశారు కదా. చెప్పండి."

షేక్ మహద్ నేలమట్టంగా చదును చేసిన ఆ మట్టిని చూశాడు, తన చేతులకి కట్టుకున్న గుడ్డలు చూసుకున్నాడు. చెబితే ఊరు ఏమడుగుతుందో ఆయనకి తెలుసు, రాళ్ళు ఎందుకు పెట్టనివ్వలేదని. "అల్లాకే తెలుసు" అన్నాడు. అది అబద్ధం కాదు. గేడి అడిగింది మాత్రం అది కాదు. ఆ తర్వాతి శుక్రవారం ఆయన తాయెత్తుల మాట ఎత్తలేదు. ఏడాది లోపే వేరే ఊరికి వెళ్ళిపోయాడు.

గేడి ఆ రోజే బండిలో ఉన్న రాళ్ళు తెచ్చి, గుడ్డపేలిక గోతిలో పెట్టి, మట్టి పూడ్చి, పైన గుట్ట పేర్చాడు. ఖాళీ గోతికి రాళ్ళెందుకు అని ఎవరో అంటే విననట్టు ఊరుకున్నాడు.

మర్నాడు మాకో అత్త మేకపిల్లని తీసుకుని వచ్చింది. కోడలికి కొడుకు పుట్టి పది రోజులైంది. మసీదు ముందు జరిగింది ఆమె కూడా విన్నది, అయినా ఒక తాయెత్తు ఇమ్మంది. గేడి, "అత్తా, అందులో ఏమీ లేదని చెప్పాను కదా" అన్నాడు. "చెప్పావులే నాయనా. ఆ షేక్ చెప్పించాడు. బేదన్ ఏం చెప్పిందో అందరం చూశాం" అంది మాకో అత్త. మేకపిల్ల తాడు గుంజకి కట్టి కూర్చుంది. వద్దన్న కొద్దీ ఆమె ముఖం పాలిపోయింది. శపిస్తున్నాడనుకుంది. చివరికి అతను ఇచ్చేశాడు. మేకపిల్ల వారానికే చచ్చింది, కరువు కదా.

తర్వాత చాలామంది వచ్చారు, పక్క ఊళ్ళ నుంచి కూడా. సుగుల్లె పిల్లల కడుపులు నిండాయి. సుగుల్లె అన్నతో మళ్ళీ మాట్లాడాడు. "వదిన మంచిది. పోతూ కూడా మనకి అన్నం పెట్టి పోయింది" అన్నాడు. గేడి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఇందులో ఏమీ లేదని చెప్పే ప్రతి తాయెత్తూ ఇస్తాడు. చెప్పకపోయినా తేడా ఉండేది కాదు. ఆయన వినయం అంటారు కొందరు. ఇంకొందరికి అది పరీక్ష, నమ్మినవాడికే పనిచేస్తుందని.

రాళ్ళగుట్ట సంగతి అతను ఆలస్యంగా గమనించాడు. ఒక గురువారం వెళ్తే చిన్నగా కనిపించింది. ఇంకోసారి ఇంకా చిన్నగా. పిల్లలు లేనివాళ్ళు, పశువులు పోయినవాళ్ళు తలా ఒక రాయి పట్టుకుపోయి గుడ్డలో కట్టి ఇంటి చూరుకి వేలాడదీసుకుంటున్నారు. మా ఇంట్లోనూ ఒకటి ఉంది. మా అమ్మ తెచ్చింది. తిరిగి పెట్టేయమని నేను అడిగాను. వానలు పడ్డాక పెడతానంది. వానలు పడ్డాయి. ఆ నీళ్ళకి ఖబరస్తాన్ అంచు కోసుకుపోయింది, రాయి ఎక్కడ పెట్టాలో మాకు తెలియలేదు.

గేడి ఇప్పటికీ గురువారాలు అటు వెళ్తాడు. ఇక్కడే అని ఒకచోట నిలబడతాడు. మరుసటి వారం ఇంకోచోట నిలబడతాడు.

ఇప్పుడతనికి డెబ్బై ఒకటి. తమ్ముడి వాకిట్లో, కంచెకి ఆనుకుని వేసిన గుడిసెలో ఒక్కడే ఉంటాడు. శుక్రవారం మసీదుకి వెళ్తాడు. వెనక వరసలో, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా నిలబడతాడు. అతనికి రెండువైపులా ఒక్కో మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంటుంది.